బేతంచెర్లలో దొంగనిద్ర

చెప్పులు గడప బయటే విడిచి, చప్పుడు చెయ్యకుండా లోపలికి రండి. కుర్చీ లాగొద్దు. నేల మీదే కూర్చోండి, చల్లగా ఉంటుంది. బేతంచెర్లలో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ సమానంగా దక్కే సుఖం ఇదొక్కటే, కాలి కింద నాపరాయి. బయట మే నెల, శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. వీధి చివర బండల ఫ్యాక్టరీలో రంపం రాయిని కోస్తూనే ఉంది. ఆ రొద రెండు నిమిషాల్లో మీ చెవులకు అలవాటైపోతుంది. తర్వాత వినబడేది గాలి మోటారు బుడబుడ ఒక్కటే.

గోడవారగా నాలుగడుగుల అద్దాల తొట్టి. అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 250 లీటర్లు పడుతుంది. అడుగున సన్న ఇసుక. మా బావ ఫ్యాక్టరీలో విరిగిన నాపరాయి ముక్కలను గుహల్లాగా పేర్చారు. వెనక ఒక నల్లటి కడప బండను నిలువుగా ఆనించారు. నాలుగు పసుపుపచ్చ చేపలు రాళ్ల సందుల్లోకి దూరుతూ, బయటికి వస్తూ ఉన్నాయి. నారింజ రంగుది ఒకటి వాటిని తరుముతోంది. ఈ తొట్టికి రౌడీ అదే. నీటి పైపొరలో అంగుళం పొడవు దోమల చేపలు తొమ్మిది, అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడ్డాయి.

ఇప్పుడు కుడి మూలకు, బండ నీడ పడే చోట ఇసుక మీదికి చూడండి.

నాలుగు వేళ్ల వెడల్పంత పొడవున్న చేప ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. తెల్లటి ఒంటి మీద కాఫీపొడి రంగు మచ్చలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. అక్కడక్కడ కుళ్లు పట్టిందేమో అనిపించేలా ఉన్నాయి. కింది వైపు రెక్క ఇసుకకు అంటుకుపోయింది. మొప్పలు కదులుతున్నాయో లేదో తెలియదు. పైకున్న కన్ను తెరిచే ఉంది, కానీ చేపకు రెప్పలుండవు కదా, కన్ను చూసి బతికుందో లేదో చెప్పలేం.

“సచ్చిపాయ,” అంటుంది మా అక్క వంటింటి గడపలో నిలబడి. “పొద్దున్నుంచి ఇది రెండోసారి సచ్చేది.”

మా మేనల్లుడు చెయ్యెత్తి ఆమెను ఊరుకోమంటాడు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాడు. ఒళ్లో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. మొన్న కడపకు ఫోను చేసింది వీడే. “మామా, చేప సచ్చిపోయిందని తీసి పారేద్దామని గంటె పెడితే లేచి పారిపాయ” అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను పొద్దున్నే రైలెక్కాను. ఎర్రగుంట్ల మీదుగా నంద్యాల, అక్కడ బండి మారి బేతంచెర్ల. చదివింది జువాలజీ, బతుకు వెళ్లదీసింది బ్యాంకులో. చేపల పిచ్చి మాత్రం వదల్లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

“ఇంగ చూడు మామా. కదలొద్దు.”

ఐదు నిమిషాలు. పది. నా మోకాలు మొద్దుబారింది. పైనున్న దోమల చేపల్లో ఒకటి గుంపు విడిచి కిందికి దిగుతుంది. బెత్తెడు దూరంలో ఆగుతుంది. వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకోదాన్ని వెంటబెట్టుకుని. మొదటిది ఆ పడి ఉన్న ఒంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తోక దగ్గర మూతితో ఒకసారి పొడిచి చూస్తుంది. ఏమీ కాలేదు. ధైర్యం వచ్చింది. మెల్లగా తల వైపు జరుగుతుంది.

చేప లేవలేదు. పడుకున్నది పడుకున్నట్టే నోరు పక్కకు విసిరింది. చిటికెడు ఇసుక పైకి లేచింది. అది మళ్లీ కిందికి దిగేసరికి చేప నిటారుగా, ఏమీ ఎరగనట్టు, బండ పక్కన ఈదుతోంది. పైన లెక్కపెట్టండి. ఎనిమిది.

“ఓసి దీని దొంగనిద్ర!” అంటుంది అక్క.

మేనల్లుడు నోటుబుక్కులో టైము రాసుకుంటాడు. వారం రోజులుగా దోమల చేపలు తగ్గుతున్నాయి, ఆ నేరం నారింజ చేప మీద పడింది. దాన్ని ప్లాస్టిక్ జల్లిబుట్టలో వేసి రెండు రోజులు జైల్లో కూడా పెట్టాడట. ఆ రెండు రోజులూ లెక్క తగ్గుతూనే వచ్చింది. చచ్చినవాడి మీద ఎవరికి అనుమానం వస్తుంది!

దోమల చేపలంటే గంబూసియా. అమెరికా చేప. దోమ పిల్లల్ని తింటుందని 1928లో మన దేశానికి తెచ్చారు, మలేరియా వాళ్లు ఇప్పటికీ బావుల్లో, కుంటల్లో వదులుతుంటారు. వీడు ఊరి దిగుడుబావి నుంచి కొబ్బరినార జల్లెడతో పట్టుకొచ్చాడు. అంటే మీరిప్పుడు చూసింది, అమెరికా చేపను ఆఫ్రికా చేప రాయలసీమ రాయి మీద పడుకుని తినడం.

ఆఫ్రికాది అన్నది నా మాట కాదు, కర్నూలు దుకాణం అతనిది. మూడు నెలల కిందట ఆరు చేపపిల్లలు కొన్నారు. చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రాత్రి బస్సులో వస్తాయి అవి. దుకాణంలో అన్నింటికీ కలిపి ఒకటే పేరు, ‘ఆఫ్రికన్ మిక్స్’. మా వాడు ఇంగ్లీషు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు చదివి ‘సిచ్లిడ్’ అంటాడు. సిక్లిడ్ అనాలని చెప్పాను. “ఎట్లన్నా ఒకటే గద మామా, అది పలకదు” అన్నాడు. పసుపువి ఎల్లో ల్యాబ్, నారింజది రెడ్ జీబ్రా. వాటి విషయంలో తగువు లేదు. ఈ ఆరోది ఏమిటన్నదే తెలియదు. ఫోటో పంపిస్తే దుకాణం అతను క్షణంలో తేల్చేశాడు: “జిరాఫ్.” ఫోనులోని యాప్ కూడా అదే అంది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు కాబట్టి అది నిజమైపోదు. ఒకే ఫోటో చూసి ఇద్దరూ ఒకే తప్పు చెయ్యొచ్చు.

ఆదివారం పొద్దున ఆరున్నర. మనం చేపల బజారులో ఉన్నాం. పేరు పెట్టడానికి ముందు ఇది అసలు సిక్లిడ్ అవునా కాదా తేలాలి, దానికి తొట్టి కంటే చేపల బుట్ట మంచి బడి. టార్పాలిన్ కింద ఐసు ముక్కల మీద బొచ్చెలు, శీలావతులు, ఒక పక్కన బేసిన్లో అరచేతి వెడల్పున్న బూడిదరంగు జిలేబీలు. అవుకు రిజర్వాయరు చేపలని అమ్మే ఆమె చెబుతుంది. నేను బొచ్చె తల పట్టుకుని కళ్లద్దాలు పైకి నెట్టి, మూతికీ కంటికీ మధ్య చూపు ఆనించాను.

“ఏం సామీ, మొప్ప చూసి కొనేటోళ్లను జూసినా గానీ, ముక్కు జూసి కొనేటోన్ని ఇప్పుడే జూస్తాండ.”

మీరూ వంగండి. బొచ్చెకు ఒక్కో పక్క రెండేసి తూట్లు కనిపిస్తాయి, పక్కపక్కనే, మధ్యలో సన్న చర్మపు మడత. ఒకదాంట్లోంచి నీళ్లు లోపలికి, రెండోదాంట్లోంచి బయటికి. చాలా చేపలకు ఇంతే. ఇప్పుడు జిలేబీని తీసుకోండి. ఒక్క పక్కకు ఒకటే తూటు. సిక్లిడ్ల గుర్తుల్లో ఇదొకటి. ఇంకోటి ఒంటి మీద ఉంటుంది. చేప పక్కన మొప్ప నుంచి తోక దాకా సన్న చుక్కల గీత ఒకటి పోతుంది, నీటి కదలికను పసిగట్టే గీత. బొచ్చెకు ఆ గీత తెగకుండా సాగుతుంది. జిలేబీకి వీపు దగ్గర మొదలై ముప్పాతిక దూరంలో ఆగిపోతుంది, తర్వాత ఒక మెట్టు కిందికి దిగి తోక దాకా మళ్లీ మొదలవుతుంది. గోడ కట్టే మేస్త్రీ మధ్యాహ్నం భోజనానికి పోయి వచ్చి, ఒక వరస తప్పి కట్టినట్టు.

జిలేబీ కూడా ఆఫ్రికా సిక్లిడే అని చెబితే మా వాడు నమ్మలేదు. తిలాపియా దాని అసలు పేరు. 1952లో ఈ దేశంలోకి వచ్చింది. పేదవాడికి చవక మాంసం దొరుకుతుందని తెచ్చారు. అది చెరువుల్లో పడి విపరీతంగా పిల్లల్ని పెట్టి, ఉన్న మేతంతా తానే తిని, వేలెడంత సైజులోనే ఆగిపోయి, బొచ్చె శీలావతుల కడుపు కొట్టింది. 1959 నాటికే దీన్ని ఇక పెంచొద్దని నిషేధం పెట్టారు. కాగితం మీద పెట్టారు, చెరువుకు చదువు రాదు. ఇప్పుడు మళ్లీ మంచి రకం ఎంచి పెంచుతున్నారు. ఐదేళ్ల పిల్లవాడి నుంచి ముసలమ్మ దాకా తింటున్న చేపను పట్టుకుని ‘ఆఫ్రికాది మా ఇంట్లో ఉంది’ అని మురిసిపోవడం, నిజం చెప్పాలంటే, కాస్త నవ్వొచ్చే పనే. మన సొంత సిక్లిడ్లు కూడా ఉన్నాయి. కేరళ వాళ్లు కరిమీన్ అని నెత్తిన పెట్టుకునే చేప, దాని దగ్గరి బంధువులు రెండు. వాటి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి.

ఒక బొచ్చె, ఒక జిలేబీ కట్టించుకున్నాం. ఇంట్లో అక్క సంచి విప్పి చూసింది. “కూరకు తెచ్చినారా, చదువుకు తెచ్చినారా?”

“రెండిటికీ.”

“సదువు ఎనిమిదిలోపల కానియ్. ఎండెక్కితే కంపు కొడతాది.”

తొట్టి ముందు మళ్లీ కూర్చున్నాం. టార్చి లైటు పక్కనుంచి వెయ్యాలి, ఎదురుగా వేస్తే అద్దంలో మన ముఖమే కనిపిస్తుంది. దొంగనిద్ర చేప ఇప్పుడు మెలకువగా ఉంది, ఆకలిగా ఉంది కాబట్టి అద్దం దగ్గరికి వచ్చింది. ముక్కు తూటు ఒకటే. గీత రెండు ముక్కలు. సిక్లిడ్, సందేహం లేదు.

ఇక ఏ సరస్సుది? ఇలా పెద్ద మచ్చలున్న ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చే వెడల్పు నోరు, పొడుగాటి తల చూస్తే మలావి సరస్సు వేటగాళ్ల గుంపు గుర్తొస్తుంది. ఆ గుంపుకు 1989లో ఎకిల్స్, ట్రెవావాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నింబోక్రోమిస్ అని పేరు పెట్టారు. నింబస్ అంటే లాటిన్‌లో మబ్బు. మచ్చలు మబ్బుల్లా ఉంటాయి. కురవకుండా పోయే మబ్బులను చూసి చూసి ఉన్నవాళ్లం కాబట్టి, మోసం చేసే చేపకు మబ్బు పేరు మనకు వింతగా అనిపించదు.

నింబోక్రోమిస్‌లో ఐదు రకాలున్నాయి. ఇక్కడ నేను గబగబా మూడింటిని పక్కన పెట్టేస్తాను, మీకు విసుగు రాకుండా. లిన్నై అనేదానికి మూతి ఏనుగు తొండంలా కిందికి వంగి ఉంటుంది, దీనిది కాదు. ఫస్కోటీనియాటస్‌కు పక్కన అడ్డంగా నల్ల పట్టీ తెగి తెగి పోతుంది, ఇది కాదు. పాలిస్టిగ్మాకు పెద్ద మచ్చల మీద, మచ్చల మధ్య, తల మీద, రెక్కల మీద కూడా ఆవాలు చల్లినట్టు సన్న చుక్కలుంటాయి. టార్చి వేసి వెతికాం, ఒక్క ఆవగింజ లేదు.

మిగిలినవి రెండు. వెనుస్టస్, అంటే దుకాణం అతను చెప్పిన జిరాఫ్. రెండోది లివింగ్‌స్టోనై.

పిల్లలుగా ఉన్నప్పుడు ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పుస్తకంలో తేడా సులభం. జిరాఫ్ ఒంటికి పసుపు ఛాయ, మచ్చలు కాస్త గుండ్రంగా, వరసలు కట్టినట్టు. లివింగ్‌స్టోనైకి తెలుపు, మచ్చలు పెద్దవి, ఆకారం లేనివి, ఒకదాంట్లోకి ఒకటి కారిపోయినవి. తొట్టిలో అంత సులభం కాదు. ఎల్‌ఈడీ బల్బు కింద పసుపు తెల్లబడుతుంది, రౌడీ చేప తరిమితే మచ్చలు ముదురుతాయి, తిండి చూస్తే పలచబడతాయి. నేను ఫోనుతో ముప్పై ఫోటోలు తీశాను. ముప్పైలో ముప్పై రంగులు.

అప్పుడు వాడు నోటుబుక్కు తిప్పి నా ముందు పెట్టాడు.

పెన్సిలుతో గీసిన బొమ్మలు. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, మూడు వేర్వేరు తేదీలు. రంగుల జోలికి పోలేదు, మచ్చల హద్దులు మాత్రం గీశాడు, సోషల్ పరీక్షలో పటం గీసినట్టు. వాటికి పేర్లు కూడా ఉన్నాయి. వీపు మీది పెద్దది శ్రీశైలం, దాని కిందికి కారింది వెలుగోడు, తోక దగ్గరిది గండికోట. మూడు తేదీల్లోనూ హద్దులు మారలేదు. శ్రీశైలం వెలుగోడులోకి కలిసే ఉంది. గుండ్రంగా విడిగా ఉన్న మచ్చ ఒక్కటీ లేదు. నేను ఫోటోలు మూసేశాను. ఒక్కోసారి కెమెరా చూపించేదానికంటే చెయ్యి గీసేటప్పుడు కన్ను చూసేది ఎక్కువ.

దానికి తోడు నిద్ర. నిద్ర గురించి నాకు ముందే తెలుసు, తెలిసి కూడా రైల్లో వస్తూ నోరు మూసుకున్నాను, చూసిన తర్వాత చెబుదామని. మలావి ఒడ్డున ఈ చేపను కలింగోనో అంటారు. నిద్రపోయేది అని అర్థం. కెన్నెత్ మెక్కే అనే అమెరికా శాస్త్రవేత్త సరస్సులో మునిగి చూసి, 1981లో రాశాడు: ఈ చేప ఇసుక మీద పక్కకు పడిపోయి శవంలా ఉంటుంది, శవాన్ని పీక్కు తిందామని చిన్న చేపలు వస్తాయి, దగ్గరికి రాగానే పక్కనుంచి నోటితో అందుకుంటుంది. నిన్న మధ్యాహ్నం మనం చూసింది అక్షరాలా ఇదే.

“అమ్మ దొంగనిద్ర అనింది గద,” అన్నాడు వాడు. “అంటే ఆఫ్రికా వాళ్లు పెట్టిన పేరే పెట్టింది.”

అక్క చేపకు పసుపు రాస్తూ ఏమీ అనలేదు, కానీ వింది.

నిద్ర ఒక్కటే చాలు అనుకుంటే పొరపాటు. ఈ గుంపులో ఇంకొకటి అరా కూడా అప్పుడప్పుడు ఇలా పడుకుంటాయంటారు. జిరాఫ్ ఇసుకలో సగం కూరుకుని పొంచి ఉంటుందట. కాబట్టి మచ్చల హద్దులు, తెల్లటి ఒళ్లు, చుక్కలు లేకపోవడం, ఆ తర్వాతే నిద్ర. అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి కాబట్టి నోటుబుక్కులో రాయించాను: నింబోక్రోమిస్ లివింగ్‌స్టోనై. పక్కన చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టించాను. తొట్లలో కలిపి పెంచే చోట మలావి చేపలు జాతి చూసుకోవు, ఒకదానితో ఒకటి కలిసి పిల్లల్ని పెట్టేస్తాయి. ఏ సరస్సు మూలలో పట్టిందో చీటీ లేని చేపకు నూటికి నూరుపాళ్లు కులగోత్రాలు చెప్పగలిగినవాడు లేడు. ప్రశ్నార్థకం చూసి మా వాడి ముఖం చిన్నబోయింది. “ఇంత చూసినాక కూడా డౌటా?” అన్నాడు. అంత చూసినందుకే డౌటు.

పేరు వెనక మనిషి ఎవరని అడిగాడు. డేవిడ్ లివింగ్‌స్టన్, స్కాట్లాండ్ డాక్టరు, మిషనరీ. 1859 సెప్టెంబరులో ఆ సరస్సు చేరాడు. చేపకు ఆయన పేరు పెట్టింది బ్రిటిష్ మ్యూజియంలోని గుంథర్, 1894లో. అప్పుడు ఇంటిపేరు హెమీక్రోమిస్, తర్వాత హాప్లోక్రోమిస్, చివరికి నింబోక్రోమిస్. అత్తగారిళ్లు మూడు మారింది. లివింగ్‌స్టన్ కథలో నాకు నచ్చేది వేరే ఉంది. ఆ సరస్సు మీద తిప్పడానికి ‘లేడీ న్యాసా’ అని చిన్న స్టీమరు కట్టించాడు. అది సరస్సు నీళ్లను ఎన్నడూ చూడలేదు. 1864లో దాన్ని తానే నడుపుకుంటూ జాంజిబార్ నుంచి సముద్రం దాటి బొంబాయి వచ్చాడు, తర్వాత అక్కడే అమ్ముకున్నాడు. మలావి కోసం చేసిన పడవ దారి తప్పి ఇండియా వచ్చింది. మలావి చేప కూడా అంతే.

పన్నెండు గంటలకు బావ ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. కనుబొమల మీద కూడా రాతిపొడి. పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ తొట్టి వైపు చూశాడు. “ఏం మర్దీ, పేరు దొరికెనా? నాకు మాత్రం ఒకటే అనుమానం. ఈ నీళ్లు మనుషులకే పనికిరావే, అది యాన్నుంచో వచ్చి ఎట్ల బతుకుతాంది?”

మంచి ప్రశ్న. ఈ ఇంటి బోరు నీళ్ల సంగతి మీకు స్నానం చేస్తే తెలుస్తుంది. సబ్బు నురగ రాదు. బకెట్టుకు లోపల తెల్లటి పెచ్చు. గీజరు కాయిల్ రెండేళ్లకోసారి మారుతుంది. కందిపప్పుకు క్యాను నీళ్లు కొంటారు, బోరు నీళ్లలో ఎంత ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్లలోని సున్నం పప్పులోని జిగురును బిగించేస్తుంది. తప్పు నీళ్లది కాదు, ఊరి పునాదిది. కింద ఉన్నదంతా సున్నపురాయి. వాన నీళ్లు నేలలోకి దిగేటప్పుడు కాస్త పులుపెక్కి, ఆ రాయిని కరిగించుకుంటూ పోతాయి. కరిగినంత మేర గుహలయ్యాయి. ఊరికి దగ్గర్లోని బిల్లసర్గం, కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లు దాటి సాగే బెలుం, అన్నీ ఆ నీళ్లు తొలిచినవే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో ఈ గుహల వెంట తిరిగాడు, బిల్లసర్గంలో కొడుకుతో కలిసి తవ్వించాడు. గుహల్లోంచి కరిగి పోయిన రాయి ఎక్కడికి పోయింది? కొంత మా అక్క గీజరులోకి.

మలావి సరస్సు నీళ్లు ఇంత గట్టివేం కావు. కానీ అవీ క్షారం వైపే ఉంటాయి, పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ. మెత్తటి, పులుపు నీళ్లలోనే ఆ చేపలు చిక్కిపోతాయి. చెన్నైలోనో హైదరాబాదులోనో ఈ చేపలు పెంచేవాళ్లు పొట్లాల్లో ఖనిజ లవణాలు కొని కలుపుతారు, తొట్టిలో సున్నపురాళ్లు పేరుస్తారు. ఇక్కడ పంపు తిప్పితే చాలు. మేం పొద్దున కాగితం ముంచి చూశాం, 8.2 దగ్గర రంగు ఆగింది. మనుషులు తిట్టుకునే నీళ్లలో చేప హాయిగా ఉంది. బావ ఫ్యాక్టరీలో విరిగిన ముక్కలు, పనికిరావని పారేసినవి, దానికి ఇల్లు.

“అయితే మా నీళ్లను మెచ్చిన మొదటి ప్రాణి ఇదే,” అన్నాడు బావ.

దీనికో ఇబ్బంది కూడా ఉంది, అది వాడికి విడిగా చెప్పాను. చేపలు విడిచే మలినం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది. నీళ్లు మధ్యస్థంగా ఉంటే, పీహెచ్ ఏడులో, దాంట్లో విషంగా పనిచేసేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఎనిమిదిన్నరకు పోతే, ముప్పై డిగ్రీల వేడిలో, ఐదో వంతు విషమే. అందుకే ఈ నీళ్లలో మేత ఎక్కువ వెయ్యడం మహాపాపం. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. వాడు రాసుకున్నాడు.

అసలు శత్రువు సున్నం కాదు, ఎండ. థర్మామీటరు ఇప్పుడు 31 చూపిస్తోంది, సరస్సులో పైనీళ్లు ఇంత వేడెక్కడం అరుదు. నీళ్లు వేడెక్కితే వాటిలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు కావలసింది పెరుగుతుంది. తొట్టి మూత తీసి టేబుల్ ఫ్యాను నీటి మీదికి తిప్పారు. ఫ్రిజ్ డీప్‌లో రెండు లీటర్ల సీసాలు మూడు గడ్డ కట్టి ఉన్నాయి, రోజుకు రెండుసార్లు ఒక్కొక్కటి తేలేస్తారు. అక్కకు ఫ్రిజ్‌లో ఐసుక్రీం పెట్టుకోవడానికి చోటు లేదు. “మొగుడికి మజ్జిగలోకి ఐసు లేదు గానీ, దొంగనిద్రకు మాత్రం మూడు సీసాలు,” అంటూ కూర వడ్డించింది. ముందు జిలేబీ ముక్కే వేసింది నాకు. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ. పుట్టిల్లు ఆఫ్రికా అయినా, మన చింతపండు పులుసు దానికి బాగానే పట్టింది.

తింటూ తింటూ అడిగింది. “ఇది పిల్లల్ని పెడతాదా?”

తోడు దొరికితే పెడుతుంది. ఆడచేప గుడ్లు పెట్టి వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలయ్యేదాకా నోట్లోనే. జిలేబీ కూడా అలాంటిదే. దాదాపు మూడు వారాలు దీని నోట్లో పిల్లలే.

“మూడు వారాలు తిండి?”

“దాదాపు తినదు.”

అక్క కాసేపు మాట్లాడలేదు. “పిల్లోళ్లను తినే నోట్లోనే సొంత పిల్లోళ్లను పెట్టుకుంటాదా,” అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆడదో మగదో ఇప్పుడే చెప్పలేం. ఒళ్లు జానెడుకు దగ్గరపడే వేళకు, మగదైతే తల నుంచి నీలం తిరుగుతుంది, మచ్చలు మాసిపోతాయి, కింది రెక్క ఎర్రబారుతుంది. పెరిగితే పాతిక సెంటీమీటర్లు. అప్పుడు ఈ తొట్టి దానికి బావి అవుతుంది. అప్పుడేం చేద్దామని వాడి ప్రశ్న. “అవుకులో వదుల్దామా?” కుదరదని గట్టిగా చెప్పాను. పొద్దున బేసిన్లో చూసిన జిలేబీలను గుర్తు చేశాను. తొట్టి గోడలకు నాచు తింటుందని కొని, పెద్దదయ్యాక చెరువులో పారేసిన పెంకు చేపలు ఇప్పుడు కృష్ణా పరీవాహకంలో జాలర్ల వలలను చించేస్తున్నాయి. రాకాసి చేప అని పేరు పెట్టుకుని తిట్టుకుంటున్నారు. దీన్ని తిరిగి దుకాణానికి ఇవ్వాలి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు. వాడు దిగులుగా తల ఊపాడు. అంతవరకూ రెండేళ్లయినా ఉంది కదా అన్నాను, అప్పుడు కాస్త తేరుకున్నాడు.

రాత్రి పది. కరెంటు పోయింది. రంపం ఆగింది, ఫ్యాను ఆగింది. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. బ్యాటరీ మోటారు ఒకటే సన్నగా గాలి ఊదుతోంది. వాకిట్లో మంచాలేసుకున్నాం. మీరు లోపలికి రండి, టార్చి నా దగ్గరుంది. వేళ్లు అడ్డం పెట్టి వెలుతురు తగ్గిస్తాను.

పసుపు చేపలు రాళ్ల గుహల్లో తలలు దాచుకున్నాయి. రౌడీ ఒక మూల తేలుతోంది, రంగు సగానికి తగ్గింది. ఇది అసలైన నిద్ర. ఇక కుడి మూలకు. అది ఇసుక మీద ఉంది, కానీ ఒరిగి లేదు. కడుపు ఆనించి, నిటారుగా, రెక్కలు విప్పి, మొప్పలు మెల్లగా కదుపుతూ. నిజంగా నిద్రపోయేటప్పుడు మాత్రం బతికున్నట్టే ఉంది.

వెనక అక్క వచ్చి నిలబడింది. నీళ్లచెంబు చేతిలో.

“సచ్చినాదా?”

“లేదక్కా. నిద్రపోతాంది.”

“ఏ నిద్ర?”

టార్చి ఆర్పేశాను. పొద్దున మా వాడు నన్ను లేపేసరికి కరెంటు వచ్చి ఉంది, రంపం మొదలైంది, నోటుబుక్కులో కొత్త తేదీ వేసి ఉంది. దాని కింద ఒకే ఒక్క అంకె: ఐదు.